సింగపూర్ చాంగి విమానాశ్రయానికి అంత పేరు ఎందుకు? పెద్దవాళ్ళకు అక్కడ ఆరేడు గంటలు ఇబ్బంది లేకుండా గడుస్తాయా?

మీ అమ్మానాన్నలు మెల్‌బోర్న్‌లో ఉన్న మీ చెల్లెలి దగ్గరికి మొదటిసారి వెళ్తున్నారని, దారిలో చాంగిలో ఆరేడు గంటలు ఆగవలసి ఉందని రాశారు. వాళ్ళు అక్కడ నిశ్చింతగా ఉండవచ్చు. ఆ దారిలో నేను ఒంటరిగానూ వెళ్ళాను, మా అత్తగారిని, మామగారిని వెంటబెట్టుకునీ వెళ్ళాను. ఆ విమానాశ్రయానికి వచ్చిన పేరు అందరూ ఫోటోలు తీసుకునే జలపాతం వల్ల వచ్చింది కాదని నా అభిప్రాయం. రద్దీ మీద పడ్డాక టెర్మినల్ కట్టడం కాకుండా, అది రాకముందే స్థలాన్నీ కట్టడాలనూ సిద్ధం చేసి పెట్టుకోవడం అక్కడివాళ్ళకు అలవాటు. పెద్దవాళ్ళకు అక్కడ దొరికే సుఖమంతా ఆ ముందుచూపులోంచి వచ్చిందే.

1970లలో సింగపూర్ విమానాశ్రయం పాయా లేబార్‌లో, జనావాసాల నడుమ ఉండేది. అక్కడే రెండో రన్‌వే వేయాలనే ఆలోచన సాగుతుండగా, 1975లో లీ క్వాన్ యూ ప్రభుత్వం ఆ ఆలోచనను పక్కనపెట్టి, అప్పటిదాకా అక్కడ పెట్టిన ఖర్చును కూడా వదులుకుని, ద్వీపం తూర్పు కొసన సముద్రపు ఒడ్డునున్న చాంగికి తరలిపోవాలని నిర్ణయించింది. విమానాలు సముద్రం మీదుగా దిగి ఎగిరితే నగరానికి ఆ హోరు తప్పుతుంది, తీరాన్ని పూడ్చుకుంటూ పోతే విస్తరణకు చోటు కూడా దొరుకుతుంది. 1981 జులైలో మొదటి టెర్మినల్ పని ప్రారంభించింది. 1990లో రెండోది, 2008లో మూడోది, 2017లో నాలుగోది వచ్చాయి. 2019లో 6.83 కోట్ల మంది ఆ విమానాశ్రయాన్ని వాడుకున్నారు. కోవిడ్ వల్ల 2021లో ఆ సంఖ్య దాదాపు 30 లక్షలకు పడిపోయింది. ఆ కాలంలో రెండో టెర్మినల్‌ను పూర్తిగా మూసి, పెంచి, కొత్తగా తీర్చిదిద్ది 2023 నాటికి మళ్ళీ పూర్తిగా తెరిచారు. 2024లో ప్రయాణికులు 6.77 కోట్లకు చేరారు. నాలుగు టెర్మినళ్ళూ కలిపి ఏడాదికి దాదాపు 9 కోట్ల మందికి సరిపోతాయి. ఆ రెండు అంకెల మధ్య ఉన్న తేడాయే మీ నాన్నగారికి కూర్చోవడానికి ఖాళీ కుర్చీగానూ, మీ అమ్మగారికి తోపులాట లేని నడవగానూ కనిపిస్తుంది. అంత వెసులుబాటు ఉన్నా విమానాశ్రయంవాళ్ళు ఆగలేదు. ఏడాదికి 5 కోట్ల మందికి సరిపోయే అయిదో టెర్మినల్‌కు 2025 మే నెలలో శంకుస్థాపన చేశారు. అది 2030ల నడుమ సిద్ధం కావాలి.

పెద్దవాళ్ళకు అన్నిటికన్నా ఎక్కువగా పనికివచ్చేది భద్రతా తనిఖీ జరిపే తీరు. చాలా విమానాశ్రయాల్లో అందరినీ ఒకేచోట పోగుచేసి తనిఖీ చేస్తారు కాబట్టి, అక్కడి వరుస చూస్తేనే గుండె జారిపోతుంది. చాంగిలో ఒకటి, రెండు, మూడు టెర్మినళ్ళలో తనిఖీ ఏ గేటు దగ్గర ఆ గేటులోనే జరుగుతుంది. అంటే ఆ ఒక్క విమానం ఎక్కేవాళ్ళే ఆ వరుసలో ఉంటారు. ఈ పద్ధతికి యంత్రాలూ సిబ్బందీ ఎక్కువ కావాలి, ఆ ఖర్చు విమానాశ్రయం భరించి ప్రయాణికుడికి సమయం మిగులుస్తోంది. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. లోపల హాలులో నింపుకున్న నీళ్ళ సీసాను గేటు దగ్గర ఖాళీ చేయవలసిందే. పైగా తనిఖీ దాటాక కూర్చోబెట్టే గదుల్లో చాలావాటికి టాయిలెట్ ఉండదు. మా మామగారికి మధుమేహం ఉండటంతో, గేటులోకి వెళ్ళే ముందే ఆ పని ముగించుకోమని ఆయనకు ప్రతిసారీ గుర్తుచేసేవాళ్ళం. మీవాళ్ళకూ ఈ మాట తప్పక చెప్పండి.

ఇక శుభ్రత. టాయిలెట్ నుంచి బయటికి వచ్చేచోట గోడకు ఒక చిన్న తెర ఉంటుంది. దానిమీద నవ్వు మొహం నుంచి చిరాకు మొహం దాకా బొమ్మలుంటాయి, మన అభిప్రాయాన్ని బట్టి ఒకదాన్ని తాకవచ్చు. బాగాలేదని తాకితే నేల తడిగా ఉందా, కాగితం అయిపోయిందా అని అడుగుతుంది, ఆ సమాచారం శుభ్రం చేసే సిబ్బందికి చేరుతుంది. మా అత్తగారికి ఇంగ్లిష్ చదవడం రాకపోయినా, ఆ బొమ్మలు చూసి తనంతట తానే అభిప్రాయం చెప్పి వచ్చారు. అక్షరం రానివారి మాటకు కూడా విలువనిచ్చే ఆ ఏర్పాటు నాకు చాలా నచ్చింది.

కాలక్షేపానికి మూడో టెర్మినల్‌లో సీతాకోకచిలుకల తోట, ఉచిత సినిమా హాలు ఉన్నాయి. రెండో టెర్మినల్ పైకప్పు మీద పొద్దుతిరుగుడు తోట ఉంది. కాళ్ళకు మర్దన చేసే యంత్రాలు, నడుం వాల్చడానికి పొడవాటి కుర్చీలు అక్కడక్కడా ఉంటాయి. వీటికి డబ్బు కట్టనక్కరలేదు. పొద్దుతిరుగుడు తోట ఆరుబయట ఉంది, అక్కడ ఉక్కగా ఉంటుంది కనుక సాయంత్రం పూట వెళ్ళడం మంచిది.

2019లో తెరిచిన జ్యూవెల్ భవనంలో ఉంది ఆ 40 మీటర్ల జలపాతం. ఆ భవనం ఇమిగ్రేషన్‌కు అవతల ఉంది. ట్రాన్సిట్‌లో ఉన్నవారు అక్కడికి వెళ్ళాలంటే సింగపూర్‌లో ప్రవేశించాలి, భారతీయులకు అందుకు వీసా కావాలి. ఆస్ట్రేలియా వంటి కొన్ని దేశాల వీసా ఉన్నవారికి షరతులతో 96 గంటల మినహాయింపు ఉంది. ఆ షరతులను ప్రయాణానికి ముందు సింగపూర్ ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోండి. బయటికి వెళ్ళకుండానే ఆ జలపాతాన్ని చూసే దారి కూడా ఉంది. రెండు, మూడు టెర్మినళ్ళ మధ్య నడిచే స్కైట్రైన్ ఆ భవనం లోపలి నుంచే సాగుతుంది. కిటికీ పక్కన నిలబడితే పై గాజు కప్పు నడుమ నుంచి నీళ్ళు దిగుతూ కనిపిస్తాయి. కొన్ని క్షణాలే అయినా, పెద్దవాళ్ళకు ఆ చూపు చాలు.

టికెట్ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. రెండు విమానాలూ ఒకే బుకింగ్‌లో ఉంటే సాధారణంగా లగేజీ నేరుగా మెల్‌బోర్న్ చేరుతుంది. చవకగా వస్తుందని విడివిడిగా కొంటే, సింగపూర్‌లో లగేజీ తీసుకుని మళ్ళీ చెకిన్ చేయవలసి రావచ్చు. అప్పుడు ఇమిగ్రేషన్ దాటక తప్పదు, వీసా ప్రశ్న మళ్ళీ మొదటికొస్తుంది. పెద్దవాళ్ళకు ఆ పొదుపు వద్దని నా గట్టి సలహా. నాలుగో టెర్మినల్ మిగతా మూడింటికి దూరంగా ఉండటం నాకు నచ్చని సంగతి. అక్కడికి స్కైట్రైన్ లేదు, బస్సులో వెళ్ళాలి. మీవాళ్ళ రెండు విమానాలూ ఏ టెర్మినళ్ళలో ఉన్నాయో ముందే చూసి, కాగితం మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి.

మోకాళ్ళ నొప్పులుంటే వీల్‌చైర్ కావాలని విమాన సంస్థకు టికెట్ కొన్నప్పుడే చెప్పండి. దిగగానే సహాయకులు వస్తారు, కానీ వేచి ఉండే గంటలన్నీ వాళ్ళు వెంట ఉండరు. ఎక్కడ కూర్చోవాలో, ఎన్ని గంటలకు తిరిగి వచ్చి తీసుకెళ్తారో మీవాళ్ళు వాళ్ళనే అడిగి రాసుకోవాలి. విమానాశ్రయంలో ఉచిత వైఫై ఉంది కాబట్టి, కూర్చున్న వెంటనే మీకు వాట్సాప్‌లో ఫోన్ చేయమని చెప్పండి.