పచ్చళ్ల వ్యాపారానికి గ్రాంటు వస్తుందా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. డ్వాక్రా గ్రూపులో ఉన్నాను. రెండేళ్లుగా ఇంట్లోనే పచ్చళ్లు, కారప్పొడులు చేసి అమ్ముతున్నాను. పొడులు పట్టే మెషిన్, డ్రైయర్, ప్యాకింగ్ మెషిన్ కొనాలంటే 6 లక్షలు అవుతుందన్నారు. ఆడవాళ్ల వ్యాపారానికి ప్రభుత్వం తిరిగి కట్టక్కర్లేని డబ్బు ఇస్తుందని విన్నాను. 15 వేలు ఇస్తే ఆ గ్రాంటు ఇప్పిస్తానని ఒకాయన మా ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. ఇవ్వమంటారా?
– ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: ఇవ్వకండమ్మా. ముందు ఆయన్ని పంపించేయండి, తర్వాత మాట్లాడుకుందాం.

బ్యాంకులో 31 ఏళ్లు పనిచేశాను. సగం సర్వీసు పల్లెటూరి బ్రాంచిల్లోనే గడిచింది. చేతికి నేరుగా గ్రాంటు ఇచ్చి పంపే పథకం మీలాంటి వ్యాపారాలకు దాదాపు లేదు. ఉన్నది సబ్సిడీ. అది కూడా బ్యాంకు లోను మంజూరైతేనే, ఆ లోను వెంట వస్తుంది. అందుకే మీ ప్రయాణం బ్యాంకు దగ్గర మొదలవ్వాలి.

తినే సరుకు తయారుచేసే చిన్న యూనిట్ల కోసం 2020లో కేంద్రం పీఎంఎఫ్ఎంఈ అనే పథకం పెట్టింది. ఖర్చులో 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు. పీఎంఈజీపీ అని ఇంకొకటి ఉంది. పల్లెల్లో ఆడవాళ్లకు అందులోనూ 35 శాతమే, పైగా మన వాటా 5 శాతం పెడితే చాలు. కానీ అది కొత్తగా పెట్టే యూనిట్లకే. మీది రెండేళ్లుగా నడుస్తున్న వ్యాపారం. నడుస్తున్న వాటికీ వర్తించే పీఎంఎఫ్ఎంఈయే మీకు సరిపోతుంది. మొదట 2024–25 వరకే అన్న ఈ పథకాన్ని తర్వాత 2025–26కి పొడిగించారు. మీరు వెళ్లే రోజుకి కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో మొదట అదే అడగండి.

అడగాల్సింది మీ జిల్లా రిసోర్స్ పర్సన్‌ని. డీఆర్పీ అంటారు. ప్రాజెక్ట్ రిపోర్టు రాయించడం, దరఖాస్తు పెట్టించడం, బ్యాంకు చుట్టూ తిరగడంలో సాయం చేయడం ఆయన పని. అందుకు ఆయనకి ఫీజు ప్రభుత్వమే ఇస్తుంది. మరి మీరు 15 వేలు ఎవరికి, ఎందుకు ఇవ్వాలి?

లెక్క చూడండి. 6 లక్షల్లో మీ వాటా 10 శాతం, 60 వేలు. బ్యాంకు 5 లక్షల 40 వేలు ఇస్తుంది. సబ్సిడీ 2 లక్షల 10 వేలు మీ చేతికి రాదు, బ్యాంకులోనే విడిగా ఉంచుతారు. అంత మొత్తం మీద మీకు వడ్డీ పడదు. మూడేళ్లు యూనిట్ నడిచి, లోను మొండి బకాయిగా మారకుండా ఉంటే దాన్ని లోనులో జమ చేస్తారు. అంటే మీరు నిజంగా తీర్చాల్సింది 3 లక్షల 30 వేలు. ఐదేళ్లకి, 11 శాతం వడ్డీ అనుకుంటే నెలకి సుమారు 7,200. పచ్చళ్లు కదలని నెలలో కూడా ఇది కట్టగలరా? రాత్రి పిల్లలు పడుకున్నాక కాగితం మీద వేసుకుని చూడండి.

లోను మంజూరు కాకముందే మెషిన్ కొనకండి. ఒకావిడ బంగారం కుదువపెట్టి పిండిమర కొనేసి, ఆ బిల్లు తెచ్చి సబ్సిడీ ఇప్పించమంది. కుదరదని కాగితం తిరిగిచ్చింది నేనే. ఆ మొహం ఇప్పటికీ కళ్లముందే ఉంది. కొటేషన్ మాత్రం తెచ్చుకోండి. లోను మంజూరయ్యాక డబ్బు బ్యాంకే డీలరుకి పంపుతుంది.

మిమ్మల్ని ఒక మాట అడగాలి. కొన్నవాళ్లు ఫోన్‌పే చేసే డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది? మీ ఖాతాలోనా, మీ వారి ఖాతాలోనా? కష్టం ఇంటావిడది, ఖాతా ఇంటాయనది. ఇలాంటి దరఖాస్తులు నా బల్ల మీదికి ఎన్నో వచ్చాయి. బ్యాంకు చూసేది స్టేట్‌మెంటునే. రెండేళ్ల మీ చాకిరీ అందులో కనిపించకపోతే మేనేజరుకి మీరు నిన్న మొదలుపెట్టినట్టే లెక్క. ఈ రోజే మీ పేరున్న ఖాతాకి క్యూఆర్ తీసుకుని ఇంటి గుమ్మానికి అంటించండి. చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా చేయించుకోండి, దానికి పైసా ఫీజు లేదు. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్‌కి ఏడాదికి 100 రూపాయలు.

మీ ఉత్తరంలో లేని ఖర్చు ఒకటుంది. వేసవిలో కాయ, మిరపకాయ, నూనె ఒక్కసారే కొనాలి. ఆ పచ్చడి అమ్ముడయ్యేది మాత్రం ఏడాది పొడుగునా. ఈ సబ్సిడీలోంచి సరుకు కొనడానికి డబ్బు రాదు. అయితే మీరు డ్వాక్రా సభ్యురాలు కదా. ఇదే పథకంలో తినే సరుకు చేసే సంఘ సభ్యులకు తలకి 40 వేల వరకు సీడ్ క్యాపిటల్, అంటే మొదటి పెట్టుబడి ఉంది. ముడిసరుకుకీ చిన్న పనిముట్లకీ వాడుకోవచ్చు, సమాఖ్య ద్వారా అప్పుగా ఇస్తారు. వెలుగు ఆఫీసులో ఏపీఎంని (అసిస్టెంట్ ప్రాజెక్ట్ మేనేజర్ని) కలిసి ఈ మాట పేరు పెట్టి అడగండి. అడగని వాళ్లకి ఎవరూ పిలిచి చెప్పరు.

ప్రశ్న: వరంగల్‌లో ఇంట్లోనే బట్టలు కుడతాను. మంచి మిషన్లకి 80 వేలు కావాలి. ముద్రా లోను అడిగితే షూరిటీ తెమ్మన్నారు. ఏం చేయాలి?

జవాబు: ముద్రాకి ఆస్తి తాకట్టు అడగకూడదు. 50 వేలు దాటితే 5 లక్షల వరకు ముద్రాలో కిశోర్ అనే రకం కిందికి వస్తుంది, మీది అదే. లోను ఇవ్వం అని బ్యాంకు వాళ్లంటే, కారణం కాగితం మీద రాసివ్వమని అడగండి. ఆ మాటతోనే చాలాసార్లు పని కదులుతుంది.

కానీ ఆగండి. మీరు దర్జీ కాబట్టి ముందు చేతివృత్తుల వాళ్ల పథకం పీఎం విశ్వకర్మకి పేరు నమోదు చేయించుకోండి. ఐదారు రోజుల శిక్షణ, రోజుకి 500 భత్యం, పనిముట్లకి 15 వేలు. ఈ 15 వేలు తిరిగి కట్టక్కర్లేదు. తర్వాత 5 శాతం వడ్డీకి మొదటి విడతగా లక్ష వరకు లోను. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు. ముద్రా లోను తీసుకుని ఇంకా తీర్చకుండా ఉంటే దీనికి అర్హత పోతుంది. అందుకే ముందు ఇది, తర్వాతే ముద్రా. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ పట్టుకుని దగ్గరలోని కామన్ సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి. వేలిముద్ర పడాలి కాబట్టి మీరే స్వయంగా వెళ్లాలి.