రెండేళ్ల బాబు కార్ సీట్ బెల్టులోంచి చేతులు లాగేసుకుంటున్నాడు, ఎంత టైటు చేయాలి?

బెల్టు లూజుగా ఉండబట్టే బాబు చేతులు తీయగలుగుతున్నాడండి. బెజవాడలో ఎక్కించి బకిల్ పెడితే మంగళగిరి దాటేలోపు రెండు చేతులూ బయటే ఉంటున్నాయని, పక్కన కూర్చున్న మీ అత్తగారేమో "పసివాడికి ఊపిరాడదు, కాస్త వదులు చెయ్యమ్మా" అంటున్నారని రాశారు. వదులు చేసినకొద్దీ వాడి పని ఇంకా తేలికవుతుంది. మాది గుంటూరు, మా పాప అమ్మమ్మగారి ఊరు విజయవాడ. ఈ రోడ్డు మీద ఈ పంచాయితీ మా కారులోనూ నడిచిందే.

టైటు చేసే ముందు భుజం బెల్టు సీటు వీపులో ఏ రంధ్రం నుంచి వస్తోందో చూడండి. మీవాడు ముందువైపు తిరిగి కూర్చుంటున్నాడు కాబట్టి అది వాడి భుజానికి సమానంగా గానీ, కాస్త పైనుంచి గానీ రావాలి. భుజం కంటే కిందినుంచి వస్తే, గుద్దుకున్నప్పుడు బెల్టు భుజాలను కిందికి లాగుతుంది, ఆ భారం వెన్ను మీద పడుతుంది. వెనక్కి తిరిగి కూర్చునే పిల్లలకి లెక్క తలకిందులు. భుజానికి సమానంగా, లేదా కాస్త కిందినుంచి రావాలి, లేకపోతే పిల్ల సీటు వీపు మీదుగా పైకి జారిపోతుంది. (మీ సీటు వెనక్కి తిప్పి పెట్టుకునే రకమై, బాబు బరువు ఆ పరిమితి లోపలే ఉంటే ఇంకొన్నాళ్లు అలాగే కూర్చోబెట్టడం మేలు. ముందుకు తిప్పాలని తొందరేం లేదు.)

కొన్ని సీట్లలో తల దిండు పైకి లాగితే బెల్టు కూడా దానితో పాటే లేస్తుంది. అలా లేకపోతే సీటు వెనక్కి వెళ్లి చూడండి. రెండు బెల్టుల కొసలూ ఒక ఇనప పలకకి తగిలించి ఉంటాయి. వాటిని ఊడదీసి, ముందువైపుకి లాగి, పై రంధ్రాల్లోంచి దూర్చి మళ్లీ పలకకి తగిలించాలి. రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా, ఎక్కడైనా మెలి పడిందా చూసుకోండి.

ఇక అసలు సంగతి, లాగే వరస. బాబు నడుము సీటు వీపుకి ఆనేలా వెనక్కి జరిపి కూర్చోబెట్టండి. బకిల్ "టక్" మనేదాకా నొక్కండి, ఒకసారి లాగి చూడండి. ఇక్కడ చాలామంది వెంటనే కాళ్ల ముందు వేలాడే బెల్టు కొసని లాగేస్తారు. భుజాల దగ్గర బిగిసినట్టే ఉంటుంది, తొడల దగ్గర వదులు మాత్రం అలాగే మిగిలిపోతుంది. వాడు నాలుగుసార్లు అటూ ఇటూ కదిలేసరికి ఆ వదులంతా పైకి పాకి భుజాల దగ్గరకి చేరుతుంది, చేతులు బయటికొచ్చేది అప్పుడే. అందుకని ముందు తొడ పక్కనున్న బెల్టుని పట్టుకుని పొట్ట మీదుగా పైకి లాగండి, రెండు పక్కలా. అక్కడ పోగైన వదులు పైకి వచ్చాక, అప్పుడు కింది కొసని లాగండి.

ఎంతవరకు అంటే, మెడ కింద ఎముక ఉంటుంది కదా, అక్కడ బెల్టుని బొటనవేలు, చూపుడువేలితో నిలువుగా మడిచేలా గిల్లి చూడండి. మడత చిక్కితే ఇంకా లూజే. వేళ్లు జారిపోతే సరిపోయినట్టు. చర్మం నొక్కుకుపోయేంతగా లాగక్కర్లేదు. బెల్టు తిన్నగా ఒంటికి ఆనాలి, అంతే. ఈ గిల్లుడు పరీక్ష మీ అత్తగారి చేతే చేయించండి. వదులు చెయ్యమని గొడవపడిన మా అమ్మే ఇప్పుడు గిల్లి చూసి "ఇంకాస్త లాగు" అంటోంది. ఒళ్లో కూర్చోబెట్టుకుంటానని ఆవిడ అంటే మాత్రం ఒప్పుకోకండి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకపోతే మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ కింద 1,000 రూపాయల జరిమానా కూడా ఉంది. జరిమానా సంగతి అటుంచండి, సడన్ బ్రేకు పడితే పెద్దవాళ్ల చేతులు పిల్లని ఆపలేవు.

ఒకసారి సరిచేశాం కదా అని వదిలేయకూడదు. బట్టలు మారితే బెల్టు కొలత మారుతుంది. పెళ్లిళ్లకి వెళ్లేటప్పుడు మా పాపకి పట్టులంగా సంచిలో పెట్టుకుని, కాటన్ గౌనుతో ఎక్కిస్తాం, దిగాక మారుస్తాం. లోపల నెట్ కుచ్చులున్న ఫ్రాకులు మరీ మోసం. బెల్టు గట్టిగా ఉన్నట్టే ఉంటుంది, నిజానికి అది బట్టనే పట్టుకుని ఉంటుంది. ఏసీకి చలేస్తే బెల్టు పెట్టాక పైన చున్నీ కప్పండి. చెమట పడుతోందని వీపు కింద మందపాటి టవలు మడిచి వేయొద్దు, అదీ వదులే.

మన ఎండల గురించి వేరే చెప్పాలా. ఎండలో ఆపిన కారులో బకిల్ ఇనప ముక్క కాలిపోతుంటుంది. సీటు మీద తెల్లగుడ్డ కప్పి దిగండి, ఎక్కించే ముందు చేతి వెనక భాగంతో తాకి చూడండి. బకిల్ సరిగ్గా పడకపోతే లోపల జంతికల పొడి ఉందేమో చూడండి, మాకు అదే దొరికింది. కొబ్బరినూనె గానీ స్ప్రేలు గానీ వేయకండి. బెల్టుల్ని సర్ఫులో నానబెట్టకండి, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

అమెరికాలో ఉన్న మీ చెల్లెలి సీటుకి ఛాతీ మీద క్లిప్ ఉంది, మనదానికి లేదేమిటి అన్నారు. ఇక్కడ దొరికే సీట్లు ఎక్కువగా యూరప్ పద్ధతివి, వాటికి ఆ క్లిప్ ఉండదు, లోపమేమీ కాదు. అక్కడి సీట్లకి అది చంకల ఎత్తున ఉండాలి, పొట్ట మీదికి జారకూడదు. చేతులు తీయకుండా ఉంటుందని ఆన్‌లైన్‌లో విడిగా అమ్మే క్లిప్పులు కొని తగిలించకండి. సీటు చేసిన కంపెనీ ఇవ్వనిది ఏదీ బెల్టుకి పెట్టకూడదు.

ఇంకొకటి, సీటునే కారు బెల్టు లేదా ఐసోఫిక్స్ (సీటుని కారుకి నేరుగా తగిలించే కొక్కేలు) పట్టుకున్న చోట చేత్తో పట్టుకుని ఊపండి. అంగుళం కంటే ఎక్కువ కదిలితే అది ముందు బిగించాలి. పై రంధ్రం కూడా బాబు భుజాల కిందికి వచ్చేసినా, స్టిక్కరు మీద 9–18 కేజీలు అని ఉండి వాడు 18 దాటినా ఇక బెల్టుతో కుస్తీ పట్టి లాభం లేదు, తర్వాతి సైజు సీటు తీసుకోవాలి. ఆ స్టిక్కరు ఫొటో ఒకటి పెట్టండి, చూసి చెబుతాను.