పాత పికప్‌లో ఏసీ గాలి అద్దం మీదకే పోతోందా? ప్యానెల్ మార్చే ముందు ఇవి చూడండి

మీరు రాసినదాన్ని బట్టి బండి తొంభైల చివరి పెట్రోల్ పికప్. ఏసీ వేస్తే చల్లగాలి ముఖానికి రాకుండా ముందు అద్దం మీదకి పోతోంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మరీ ఎక్కువగా. ఫ్యాన్ హై మీద తప్ప తిరగట్లేదు. షాపులో ఏమో డ్యాష్‌బోర్డు విప్పి కంట్రోల్ ప్యానెల్ మొత్తం మార్చాలన్నారు. దయచేసి దానికి అప్పుడే ఒప్పుకోకండి. మా ట్రక్కుదీ ఇంచుమించు ఇదే కథ. డ్యాష్‌బోర్డు ముట్టుకోకుండానే బాగైంది.

మూడు నాబ్‌లు ఒకే ప్యానెల్ మీద ఉంటాయి కాబట్టి అంతా ఒకటే అనిపిస్తుంది. వెనక మాత్రం దేని దారి దానిదే. గాలి ఎటు పోవాలో తేల్చేది ఆ కాలం ట్రక్కుల్లో చాలావాటికి ఇంజన్ నుంచి వచ్చే వాక్యూమ్, అంటే గాలిని లోపలికి పీల్చే లాగుడు. ఫ్యాన్ వేగానికి కరెంటు. వేడి, చల్లదనం నాబ్ బండిని బట్టి కేబుల్ మీదో చిన్న ఎలక్ట్రిక్ మోటార్ మీదో నడుస్తుంది. మీకు ఒకేసారి రెండు చెడ్డాయని ప్యానెల్‌ని అనుమానిస్తున్నారు గానీ, నాకైతే ఇవి రెండు వేర్వేరు జబ్బుల్లానే కనిపిస్తున్నాయి.

ముందు గాలి సంగతి. ఇంజన్ తిరిగేటప్పుడు ఇంటేక్ మానిఫోల్డ్, అంటే ఇంజన్‌లోకి గాలి పోయే భాగం, ఒక సన్నటి గొట్టం గుండా, బొండాంలో స్ట్రా పెట్టి పీల్చినట్టు, గాలిని లాగుతుంది. డ్యాష్‌బోర్డు లోపలి తలుపుల్ని కదిపేది ఆ లాగుడే. అది అందకపోతే స్ప్రింగులు తలుపుల్ని డీఫ్రాస్ట్ వైపు, అంటే ముందు అద్దం వైపు తిప్పేస్తాయి. కావాలనే అలా పెట్టారు. ఏది చెడినా డ్రైవర్‌కి రోడ్డు కనపడాలి కదా. కాబట్టి గాలి అద్దం మీదకే పోతోందంటే వాక్యూమ్ ఎక్కడో కారిపోతోందని బండే మీకు చెబుతోంది.

ఎత్తు ఎక్కేటప్పుడు ఎక్కువవడానికీ కారణం అదే. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మానిఫోల్డ్‌లో వాక్యూమ్ పడిపోతుంది. ఆ కాసేపు ఆదుకోవడానికే వాక్యూమ్‌ని నిలవ ఉంచే ఒక నల్ల ప్లాస్టిక్ డబ్బా, దానికి ముందు గాలిని ఒక వైపే పోనిచ్చే ఒక చెక్ వాల్వ్ ఉంటాయి. డబ్బా పగిలినా, వాల్వ్ పోయినా, మధ్యలో గొట్టం చిరిగినా మీరు చెప్పినట్టే జరుగుతుంది.

బానెట్ ఎత్తి, ఇంజన్ ఐడిల్‌లో ఉంచి, చేతులూ బట్టలూ బెల్టుకీ ఫ్యాన్‌కీ దూరంగా పెట్టుకుని వినండి. ‘స్స్’ మన్న శబ్దం వస్తే దాని వెంట పోండి. రాకపోతే ఇంజన్ ఆపి, చల్లారాక, ఆ గొట్టాన్ని మానిఫోల్డ్ నుంచి డబ్బా దాకా, అక్కణ్నుంచి క్యాబిన్ గోడ దాకా వేళ్లతో తడుముతూ వెళ్లండి. కళ్లతో చూస్తే చాలదు. మా బండిలో బ్యాటరీ పక్కన వంపు దగ్గరి రబ్బరు పైనుంచి చూస్తే నల్లగా, కొత్తదానిలాగే ఉంది. కింది వైపు వేలు పెడితే బంకలా అంటుకుని తునకలుగా రాలిపోయింది. ఆ ముక్క కోసేసి కొత్త గొట్టం తొడిగితే చాలు. ఆటో పార్ట్స్ షాపులో అడుగుల లెక్కన కోసిస్తారు, ఖర్చు కొద్ది డాలర్లే. చెక్ వాల్వ్‌ని తీసి గాలి ఊది చూడండి. ఒక వైపు నుంచి పోవాలి, రెండో వైపు నుంచి పోకూడదు. ఇంకా అనుమానంగా ఉంటే చేత్తో కొట్టే వాక్యూమ్ పంపు తెచ్చుకోండి, డిపాజిట్ తీసుకుని అరువిచ్చే షాపులు చాలానే ఉన్నాయి. దాని మీటరుతోనే ఇంజన్ వాక్యూమ్ కూడా చూడొచ్చు. ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజన్ ఐడిల్‌లో సుమారు 18 నుంచి 22 అంగుళాలు (పాదరసం లెక్కలో) చూపిస్తుంది.

ఫ్యాన్ హై మీద మాత్రమే తిరగడం రెసిస్టర్, అంటే కరెంటు తగ్గించి ఫ్యాన్ వేగం తగ్గించే చిన్న భాగం, పోయిందనడానికి దాదాపు ఖాయమైన గుర్తు. తక్కువ వేగాల్లో కరెంటు దాని గుండా పోతుంది, హైలో దాన్ని తప్పించుకుని నేరుగా మోటార్‌కి పోతుంది. చాలా పికప్‌లలో అది గ్లవ్ బాక్స్ వెనకో, ఇంజన్ వైపు గోడ మీదో రెండు స్క్రూలతో ఉంటుంది. బ్యాటరీ నెగటివ్ తీసేసి విప్పండి. ప్లగ్ కూడా తప్పకుండా చూడండి. ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగినా, పిన్ను చుట్టూ కరిగినా అదీ మార్చాల్సిందే, లేకపోతే కొత్త రెసిస్టర్ కూడా ఎక్కువ రోజులు ఆగదు. ఫ్యాన్ మోటార్‌ని చేత్తో తిప్పి చూడండి. బిగుసుకుని ఉంటే అది ఎక్కువ కరెంటు లాగి ప్లగ్‌ని కాల్చేస్తోందన్నమాట.

హీటర్ సంగతి మీరు రాయలేదు గానీ, చలి మొదలవకముందే చూసుకోవడం మంచిది. ఇంజన్ బాగా వేడెక్కాక క్యాబిన్ గోడలోకి పోయే రెండు హీటర్ గొట్టాలకి చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. రెండూ వేడిగా ఉండి లోపల చల్లగాలే వస్తుంటే తలుపుది గానీ, దాన్ని తిప్పే మోటార్‌ది గానీ లోపం. ఒకటి వేడి, ఒకటి చల్లన అయితే హీటర్ కోర్ (క్యాబిన్ గాలిని వేడి చేసే చిన్న రేడియేటర్) పూడుకుపోయి ఉండొచ్చు, లేదా దారిలో వాల్వ్ మూసుకుని ఉండొచ్చు. రెండూ చల్లగా ఉంటే కూలెంట్, థర్మోస్టాట్ చూడాలి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయకండి.

ఏసీ గ్యాస్ జోలికి పోవద్దు. అద్దం మీదకి పోయినా మీకు వస్తున్నది చల్లగాలే, అంటే గ్యాస్ పని చేస్తోంది. దుకాణంలో దొరికే డబ్బా కొని నింపితే మోతాదు మించి కంప్రెసర్‌కే ఎసరు వస్తుంది.

ఇవన్నీ బాగుండి, నాబ్ తిప్పినప్పుడు ప్యానెల్ వెనక నుంచే ‘స్స్’ మని వినిపిస్తే అప్పుడు ప్యానెల్ మార్చమనండి, నేనూ ఒప్పుకుంటాను. ఈ వారాంతం గొట్టం తడిమి చూసి, ఎక్కడ ఏం కనిపించిందో ఫొటోతో పాటు ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.