మన చెరువు మీద శరత్కాలపు సాయంత్రాన్ని ఎలా వేయాలి?

నెట్‌లో విదేశీ సరస్సుల బొమ్మలు చూసి వేస్తే నీళ్లు నీళ్లలా రావట్లేదని, అసలు అనంతపురంలో ఎర్రబారిన ఆకుల చెట్లే లేవు కదా అని అడిగారు. రెండోదానికి ముందు చెబుతాను.

ఎర్ర ఆకులు మనకెందుకండీ? అవి చలిదేశాల శరత్తు. మనకు ఆశ్వయుజ, కార్తీక మాసాలంటే చెరువులోకి నీళ్లొచ్చే రోజులు. వానలు బాగా పడ్డ ఏడాది అక్టోబరులో, సాయంత్రం ఐదున్నరకల్లా అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం చెరువు కట్ట ఎక్కండి. విజయనగర రాజుల కాలంలో, 14వ శతాబ్దంలో కట్టిన చెరువది. గట్టున తంగేడు పసుపు, కొసలు ఎండుతున్న గడ్డి, నీళ్లలో నిలబడ్డ తుమ్మచెట్లు. ఎన్నో ఏళ్లుగా నేను వాటర్ కలర్స్‌తో వేస్తున్నది ఇదే. ఇంతకంటే మంచి శరత్తు నాకు అక్కర్లేదు.

ఇక నీళ్ల సంగతి. చాలామంది చెరువంతా ఒకే నీలం పూసేస్తారు. కట్ట మీద నిలబడి మీ కాళ్ల కిందున్న నీళ్లు చూడండి. పైనుంచి దాదాపు నిటారుగా చూస్తాం కాబట్టి అక్కడ ఆకాశం తక్కువగా కనబడుతుంది, వానకు కొట్టుకొచ్చిన ఎర్రమట్టి రంగే ఎక్కువ. చూపు దూరం జరిగేకొద్దీ నీళ్లు అద్దమైపోయి ఆకాశపు నారింజ రంగును పట్టుకుంటాయి. దగ్గర మట్టిరంగు, దూరాన వెలుగు: ఈ మార్పు వస్తే సగం బొమ్మ వచ్చినట్టే.

నీళ్లలో పడే నీడల్లో, అంటే ప్రతిబింబాల్లో కూడా ఒక కిటుకుంది. నీటి అంచునే ఉన్న చెట్టు నీడ దాదాపు చెట్టంత పొడవు పడుతుంది. వెనక దూరంగా ఉన్న గుట్ట మాత్రం పూర్తిగా పడదు, పైభాగమే పడుతుంది. మీరు ఎంత ఎత్తులో నిలబడితే అది అంత తగ్గుతుంది. అందుకే గుట్టను తలకిందులుగా కాపీ కొడితే ఏదో తేడాగా అనిపిస్తుంది. ఇంకోటి, ముదురు చెట్టు నీడ చెట్టుకంటే కొంచెం లేతగా, వెలుగున్న ఆకాశం నీడ ఆకాశంకంటే కొంచెం ముదురుగా ఉండాలి.

రంగులు మూడు చాలు: ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ), అల్ట్రామెరీన్ బ్లూ (ముదురు నీలం). చివరి రెండూ కలిపితే వచ్చే బూడిదరంగు తుమ్మచెట్లకు చక్కగా సరిపోతుంది. నల్లరంగు ట్యూబు జోలికి వెళ్లొద్దు, సాయంత్రం వెలుగు చచ్చిపోతుంది. పేపరు 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) తీసుకోండి, పలచటిదైతే తడికి ఉబ్బిపోతుంది. నీళ్ల భాగం ఇంకా తడిగా ఉండగానే నీడలను బ్రష్‌తో నిట్టనిలువుగా కిందికి లాగండి. కాస్త ఆరాక, పిండిన ఫ్లాట్ బ్రష్‌తో ఒకటి రెండు చోట్ల అడ్డంగా రంగు ఎత్తేయండి. నిశ్చలంగా ఉన్న నీటికి ఆ రెండు గీతలే ప్రాణం. అలలు గీయాలనే ఆత్రం వద్దు.

వాటర్ కలర్ ఆరాక లేతబడుతుంది కాబట్టి చూసినదానికంటే ఒక మెట్టు ముదురుగా వేయండి. అక్రిలిక్ అయితే దీనికి రివర్స్, ఆరాక ముదురుతుంది. సూర్యుడు దిగాక వెలుగు నిమిషాల్లో మారిపోతుంది, కాబట్టి అక్కడ పెన్సిల్‌తో వెలుగునీడలు మాత్రం గుర్తుపెట్టుకుని, రంగుల పేర్లు పక్కన రాసుకోండి. బొమ్మ ఇంటికొచ్చి తీరిగ్గా వేయొచ్చు. ఫోన్ ఫోటోను నమ్ముకుంటే మాత్రం చెట్లు నల్లటి ముద్దల్లా వస్తాయి, తుమ్మ ఆకుల సందుల్లోంచి కనబడే ఆకాశం పోతుంది.