పాలియోలో టర్బో ఇంజిన్: ఏ అప్పు చవక?

ప్రశ్న: మాది తిరుపతి కొర్లగుంట. వయసు 28. శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో పని, చేతికి 46 వేలు వస్తుంది. నా దగ్గర 2003 మోడల్ ఫియట్ పాలియో 1.6 ఉంది, ఏపీ 03 నంబరు. వెనక గుద్దుకుపోయిన ఒక లీనియా టీ-జెట్ (ఫియట్ వాళ్ళదే టర్బో కారు) నుంచి టర్బో ఇంజిను, గేర్‌బాక్సు, యాక్సిల్ షాఫ్టులు, ఈసీఎం (ఇంజినుని నడిపే కంప్యూటరు), వైరింగ్ మొత్తం తీసి నా బండికి ఎక్కిస్తానని మెకానిక్ అన్న అంటున్నాడు. 2.8 లక్షల్లో అయిపోతుందట. నేను 3.5 లక్షలు అనుకుంటున్నా. మూడు దారులున్నాయి. బ్యాంకు పర్సనల్ లోన్ 14 శాతానికి ఇస్తామంటోంది. మా వీధిలో తెలిసినాయన రెండు రూపాయల వడ్డీకి ఇస్తాడు. మూడోది, చెల్లి పెళ్ళి కోసం అమ్మ పేరున కడుతున్న 5 లక్షల చీటీ పాడేయడం. ఇప్పుడు పాడితే 3.8 లక్షలు వస్తుంది, దీనికి వడ్డీ ఉండదు కదా. ఏది మేలు? ఇంజినుకి 20 వేలు అడ్వాన్సు కూడా ఇచ్చేశా.

జవాబు: ముందు మీరడిగిన లెక్క చెప్పేస్తాను. 3.5 లక్షలు 14 శాతానికి మూడేళ్ళకి తీసుకుంటే నెలకి దాదాపు 11,960 కట్టాలి. మొత్తం వడ్డీ 80 వేలు దాటుతుంది. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. నెలకి 7 వేలు కడుతూనే ఉంటారు, అసలు మాత్రం రూపాయి తగ్గదు. చీటీకి వడ్డీ లేదన్నది మీ భ్రమ. 5 లక్షల చీటీ 3.8కి పాడితే వదులుకున్న 1.2 లక్షలే వడ్డీ. డివిడెండు రూపంలో అందులో కొంత తిరిగొస్తుందనుకున్నా, పెళ్ళి ముహూర్తం పెట్టుకున్నాక మళ్ళీ అప్పుకి బయల్దేరాల్సింది మీరే. కాబట్టి మూడింట్లో బ్యాంకు లోనే నయం. చీటీ జోలికి మాత్రం అసలు వెళ్ళొద్దు. అది మీ డబ్బు కాదు, అమ్మ పేరున ఉన్న చెల్లి డబ్బు.

ఇక నా అభిప్రాయం. మూడింట్లో ఏ అప్పూ చేయొద్దు.

కోరికని నేను తప్పు పట్టడం లేదు. పాలియో 1.6 దాదాపు 100 హార్స్‌పవర్ బండి. 2001లో అది వచ్చినప్పుడు ఆ సైజు కార్లలో అంత బలం ఉన్నది అరుదు. టీ-జెట్ ఇంజిను 1368 సీసీ, 114 హార్స్‌పవర్. పవర్ ఒక్కటే చూస్తే 14 కోసం 3.5 లక్షలు, అంటే హార్స్‌పవరుకి 25 వేలు పడుతుంది. ఇది కాస్త అన్యాయమైన లెక్కే, ఒప్పుకుంటాను. టర్బో మజా టార్కులో, అంటే లాగే బలంలో ఉంది. టీ-జెట్ 2200 ఆర్పీఎం దగ్గరే 207 ఎన్ఎం ఇస్తుంది. లీనియా లాంటి పొడుగు బండిని లాగిన ఇంజిను పాలియోలో ఎలా ఉరుకుతుందో ఊహించుకోగలను.

కానీ ఖర్చు సంగతి మీ ఉత్తరంలోనే బయటపడింది. మెకానిక్ 2.8 చెప్పాడు, మీరు 3.5 అడుగుతున్నారు. అంటే ఆ అంకె మీద మీకే నమ్మకం లేదు. ఇంజినూ గేర్‌బాక్సూ చేతికొచ్చాక అసలు ఖర్చు మొదలవుతుంది. మౌంటింగులు కొత్తగా చేయించాలి. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి చోటు చూసి పైపులు వంచాలి. సైలెన్సర్ లైను మారుతుంది, పెట్రోల్ పంపు సరిపోకపోతే అదీ మారుతుంది. ఈసీఎం, తాళంచెవిలోని ఇమ్మొబిలైజర్ కోడు కలవకపోతే బండి స్టార్టే కాదు. క్లచ్ ప్లేటు ఎలాగూ విప్పారు కాబట్టి కొత్తది వేయమంటారు. రేడియేటరు, బ్రేకులు పెంచక తప్పదు. పాత టర్బోలో ఆయిల్ కారుతుంటే దాన్నీ రీకండిషన్ చేయించాలి. వీటికి కొటేషన్ కాగితం ఉందా? ఉండదు. సగం పని అయిన బండి లిఫ్టు మీద ఉండగా ఇంకో 60 వేలు కావాలంటే మీరు కాదనలేరు. పుట్టలో వేలు పెట్టాక పాము ఉందా లేదా అని అడిగి లాభం లేదు. పైగా ఫియట్ కార్ల తయారీ మన దేశంలో ఆగిపోయి ఏళ్ళయింది. రేపు ఒక సెన్సారు పోతే ఎక్కడ వెతుకుతారు?

ఇదంతా కలిపి పోయేది 4, 5 లక్షలు. మీ వయసులో కష్టపడితే అది సంపాదించుకోవచ్చు. నాకు భయం వేసేది కాగితాల దగ్గర.

ఆర్సీలో ఇంజిన్ నంబరు ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో ఒక కేరళ కేసులో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. ఆ ఏడాది చట్ట సవరణలో 182ఏ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పాడైన ఇంజిను తీసి అదే రకం ఇంజిను వేసుకోవడానికి ఆర్టీవో అనుమతి అడగొచ్చు. పాలియోకి కంపెనీ ఎన్నడూ ఇవ్వని టర్బో ఇంజినుకి ఆ అనుమతి వస్తుందని నేననుకోను. పైగా ఆ లీనియా ఆర్సీ రద్దయిందా, ఇన్సూరెన్స్ కంపెనీ టోటల్ లాస్ (ఇక బాగుచేయించి లాభం లేదు) కింద రాసిందా, ఎవరి పేరున అమ్మారు అన్నవి అడిగారా? ఆ ఇంజిన్ నంబరు రేపు దొంగబండిదని తేలితే పోలీసు స్టేషన్‌లో కూర్చునేది మీరే, మెకానిక్ అన్న కాదు.

ఇంకో తేదీ కూడా ఉంది. 2003 బండికి 15 ఏళ్ళ రిజిస్ట్రేషన్ 2018లో అయిపోయింది. అయిదేళ్ళకొకసారి రెన్యువల్ లెక్కన మీది మళ్ళీ 2028లో రావాలి, ఒకసారి ఆర్సీ తీసి చూసుకోండి. 20 ఏళ్ళు దాటిన కార్లకి ఆ ఫీజుని 2025 ఆగస్టులో 10 వేలకి పెంచారు. ఫీజు కట్టినా బండిని తీసుకెళ్ళి చూపించాలి, ఇన్‌స్పెక్టర్ ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు చూస్తాడు. ఇప్పుడు మూడేళ్ళ లోను తీసుకుంటే ఈఎంఐలు ఇంకా నడుస్తుండగానే ఆ రోజు వస్తుంది. అప్పుడు పాత ఇంజిను మళ్ళీ ఎక్కించడానికి ఇంకో ఖర్చు.

ఇన్సూరెన్స్ దగ్గర కాసేపు ఆగుదాం. ఇంత పాత బండికి మీకు థర్డ్ పార్టీ, అంటే అవతలి వాళ్ళ నష్టానికి మాత్రమే వర్తించే పాలసీ ఒక్కటే ఉంటుందనుకుంటున్నా. 2022 జూన్ నుంచి ఉన్న రేట్లలో 1500 సీసీ దాటిన కారుకి ఏడాదికి 7,897 రూపాయలు, 1000 నుంచి 1500 మధ్య అయితే 3,416. టర్బో వేస్తే మీ సీసీ 1596 నుంచి 1368కి దిగుతుంది. బలం పెరిగి ప్రీమియం తగ్గే వింత ఇది, కాకపోతే చెప్పుకోలేని లాభం. పాలసీలో ఉన్నది ఒక బండి, రోడ్డు మీద ఉన్నది ఇంకో బండి అవుతుంది. రేణిగుంట - నాయుడుపేట హైవేలో ఒక బైకుని తగిలారనుకోండి. ట్రిబ్యునల్ బాధితుల కుటుంబానికి పరిహారం వేస్తుంది. థర్డ్ పార్టీ పరిహారానికి చట్టంలో గరిష్ట పరిమితి లేదు, సంపాదించే మనిషి పోతే అది లక్షల్లో ఉంటుంది. ముఖ్యమైన సంగతి దాచి పాలసీ తీసుకున్నారని ఇన్సూరెన్స్ కంపెనీ వాదించడానికి చట్టంలోనే చోటుంది. ముందు కంపెనీ కట్టినా, ఆ సొమ్ము తర్వాత మీ దగ్గర వసూలు చేసుకోమని తీర్పు రావొచ్చు. అప్పుడు జవాబు చెప్పాల్సింది కొర్లగుంట ఇల్లు. 3.5 లక్షల అప్పుకి ఒక అంతం ఉంది, దీనికి లేదు. లోను ఏ రేటుకి వచ్చినా నేను వద్దనేది ఇందుకే.

మరి సరదా సంగతి? దానికీ దారి ఉంది. కంపెనీలోనే టర్బోతో పుట్టిన బండి కొనండి. లీనియా టీ-జెట్‌నే ముక్కలు చేయకుండా పూర్తిగా, ఆర్సీతో సహా, మీరనుకున్న డబ్బుకి అటూ ఇటూగా సెకండ్‌హ్యాండ్‌లో వెతకొచ్చు. విడిభాగాల బాధ వద్దనుకుంటే పోలో టీఎస్ఐ, బలెనో ఆర్ఎస్ లాంటివి చూడండి. ఇవి అమ్మితే డబ్బొస్తుంది, ఇన్సూరెన్స్ నిలబడుతుంది, యూజ్డ్ కార్ లోన్ కూడా దొరుకుతుంది. మార్పులు చేసిన పాలియోని మీలాంటి ఇంకో పిచ్చివాడు తప్ప ఎవరూ కొనరు, కొన్నా మీరు పెట్టిన దాంట్లో సగం ఇవ్వడు.

కొనడం మాత్రం చెల్లి పెళ్ళి అయ్యాకే. అప్పటిదాకా నెలకి 7 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఆరున్నర శాతం వడ్డీ అనుకున్నా రెండేళ్ళకి 1.8 లక్షల దాకా అవుతుంది. పాలియో అమ్మిన డబ్బు కలిపితే లోను చిన్నదవుతుంది. రెండేళ్ళ తర్వాత కూడా పాలియోని వదలబుద్ధి కాకపోతే అమ్మకండి, అలాగే కంపెనీ ఇంజినుతో ఉంచుకోండి. 22 ఏళ్ళు దాటిన 1.6 బాగా నడిచే స్థితిలో ఉండటమే ఈ ఊళ్ళో ఒక గొప్ప. ఎలాగూ అలిపిరి నుంచి కొండపైకి 28 నిమిషాల కంటే ముందు చేరితే జరిమానా వేస్తారు. ఆ ఘాట్ రోడ్డుకి 100 హార్స్‌పవర్ ఎక్కువే.

శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ మీకు దూరమేం కాదు. అక్కడి డ్రైవింగ్ స్కూలు వాళ్ళ బండిలో ఒక రోజు తోలి చూడండి. మీ పాలియోని ట్రాక్ మీదికి తీసుకెళ్ళొద్దు. మామూలు మోటారు పాలసీ రేసులకీ, స్పీడ్ పరీక్షలకీ వర్తించదు.

మిగిలింది అడ్వాన్సు. ఈ వారమే వెళ్ళి వెనక్కి అడగండి. డబ్బు ఖర్చయిపోయిందంటే గొడవపడకండి. ఆ 20 వేలకి మీ పాలియోకే టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, క్లచ్, సస్పెన్షన్ బుష్‌లు మార్చమని చెప్పి, ఏది ఎంతకో ముందే కాగితం మీద రాయించుకోండి.