ప్రొఫైల్ దిద్దే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఎక్స్ఛేంజిలో ఫోను తీగల మీద ఇళ్లకు ఇంటర్నెట్ పంపే డీశ్లామ్ యంత్రం బాధ్యత నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. కార్డులు, పోర్టుల సంగతి వారం తిరిగేలోగా నీకే తెలిసిపోతుంది. ప్రొఫైళ్ల విషయం, అంటే లైన్లకు కట్టే వేగం, అలారం హద్దుల వంటి అమరికల పట్టీల విషయం మాత్రం ఇప్పుడే రాస్తున్నాను. అక్కడ నేను చేసిన తప్పు వల్ల జనం ఇబ్బంది పడ్డారు.

ఒక చందాదారుకు వేగం పెంచమని చీటీ వచ్చింది. ఆయన పోర్టుకు వేరే ప్రొఫైల్ కట్టవలసింది పోయి, ఉన్న లైన్ ప్రొఫైల్‌నే దిద్దాను. దానికి కట్టి ఉన్న లైన్లన్నీ పట్టపగలు ఒక్కసారిగా తెగి, మళ్లీ సింక్ (మోడెమ్‌తో లంకె) వెతుక్కోవడం మొదలుపెట్టాయి. అందుకే ఏ ప్రొఫైల్ ముట్టుకున్నా, దానికి ఎన్ని పోర్టులు కట్టి ఉన్నాయో ముందు చూడు. మార్పు కావాలంటే కొత్త ప్రొఫైల్ తయారుచెయ్యి. ఒక్క పోర్టు మీద రెండు రోజులు గమనించి, మిగతావి రాత్రి పొద్దుపోయాక మార్చు. డిఫాల్టు ప్రొఫైల్ జోలికి అసలు వెళ్లకు.

వేగాన్ని లైన్ ప్రొఫైల్ ఆపగలదు, ట్రాఫిక్ ప్రొఫైలూ ఆపగలదు. మొదటిది రాగితీగ మీద మోడెమ్‌తో కుదిరే సింక్ వేగం, రెండోది చందాదారు డబ్బు కట్టిన వేగం. ఏడీఎస్ఎల్‌లో, అంటే మన ఈ రాగితీగ ఇంటర్నెట్ పద్ధతిలో, డేటా సాధారణంగా 53 బైట్ల ఏటీఎం సెల్లులుగా (చిన్న పొట్లాలుగా) ప్రయాణిస్తుంది, అందులో సరుకు 48 బైట్లే, మిగతాది శీర్షిక. సింక్‌ను సరిగ్గా 2048 కిలోబిట్లకు బిగిస్తే సెల్లు శీర్షికలకే దాదాపు పదోవంతు పోతుంది. ఆ మనిషి ఎన్నిసార్లు కొలిచినా 2 మెగాబిట్లు కనిపించవు, ఫిర్యాదు న్యాయమే అవుతుంది. కాబట్టి సింక్‌కు కాస్త చోటు వదిలి, హద్దును ట్రాఫిక్ ప్రొఫైల్‌లో పెట్టు.

ఊరి చివర నాలుగు కిలోమీటర్ల తీగ మీద ఉన్నవాళ్లకు ఈ లెక్క పనికిరాదు. అక్కడ సింక్ వేగాన్నే తగ్గించి కట్టు, నాయిస్ మార్జిన్ (రొదను తట్టుకునే వెసులుబాటు) పెరిగి లైను నిలబడుతుంది. మామూలుగా 6 డెసిబెల్స్ లక్ష్యం చాలు. అతుకుల మీద అతుకులు పడ్డ పాత కేబుల్‌కు 9 పెట్టి వేరే ప్రొఫైల్ ఉంచు.

ఇక అలారాలు. అందరూ అశ్రద్ధ చేసేది వీటినే. 1999లో వచ్చిన ప్రామాణిక ఏడీఎస్ఎల్ మిబ్ (పరికరం అమరికల, లెక్కల పట్టిక) ప్రకారం, 15 నిమిషాల్లో ఎన్ని సెకన్లు దోషంతో గడిస్తే అలారం రావాలో చెప్పే హద్దు 0 నుంచి 900 సెకన్ల దాకా ఉండవచ్చు. 0 పెడితే ఆ అలారం రాదు. తెర ప్రశాంతంగా ఉందని మురిసిపోయే ముందు అక్కడ 0 ఉందేమో చూడు. మరీ తక్కువ పెట్టినా అంతే ప్రమాదం. ఒక వర్షాకాలం మా తెర నిండా దోషపు సెకన్ల అలారాలే. చూసి చూసి కళ్లు అలవాటు పడ్డాయి. వాటి మధ్యే ఒక జాయింట్లో నీళ్లు దిగిన కేబుల్ గోడు కూడా ఉంది. ఇళ్ల నుంచి ఫోన్లు వచ్చేదాకా మాకు తెలియలేదు.

ఆ తర్వాత ఒక వారం పాటు ప్రతి 15 నిమిషాల లెక్కా రాసుకుని, లైను మామూలుగా ఎంత తడబడుతుందో చూసి, దానికి పైన హద్దు పెట్టాను. దగ్గరి లైన్లకూ దూరపు లైన్లకూ వేర్వేరు అలారం ప్రొఫైళ్లు. నువ్వూ అలాగే చెయ్యి. తొందరపడి ఎవరో ఇచ్చిన అంకెలు ఎక్కించకు.

చందాదారు మోడెమ్‌కు కరెంటు పోయినప్పుడు వచ్చే అలారాన్ని రికార్డులో ఉండనివ్వు, మోత మాత్రం ఆపు. రాత్రి పడుకునే ముందు స్విచ్ ఆపేసేవాళ్లు ఎందరో. కానీ ఆ రికార్డు విలువైనది. ఒక వీధి లైన్లన్నీ కరెంటు పోయిన గుర్తుతో పడిపోతే, కరెంటు వచ్చేదాకా ఆగు. కానీ ఆ గుర్తు లేకుండా ఒకే కేబుల్ జతలన్నీ సిగ్నల్ కోల్పోతే, ఎక్కడో తవ్వుతున్నారు. లైన్‌మన్‌ను వెంటనే పంపు.

ఉగాదికి వస్తాను. నువ్వు రాసుకున్న ఆ వారం లెక్కల పుస్తకం చూపించు, కూర్చుని హద్దులు కలిసి వేద్దాం.

మీ పెదనాన్న