ఆర్‌సింక్ స్క్రిప్ట్ మధ్యలో తెగిపోతే రీట్రై ఎలా పెట్టాలి?

రాత్రి క్రాన్‌లో (చెప్పిన టైముకి కమాండ్లు నడిపేది) బ్రాంచి నుంచి హెడ్డాఫీసుకి ఫైళ్లు పంపే ఆర్‌సింక్ నెట్ పోయినప్పుడల్లా ఆగిపోతోందని, ఫెయిలైతే మళ్లీ నడిపే వైల్ లూప్ పెట్టినా ఒక్కోసారి తెల్లారేదాకా కదలట్లేదని అడిగారు. ఇవి రెండు వేర్వేరు జబ్బులండీ.

ముందు కదలకపోవడం సంగతి చూడండి. ఆర్‌సింక్ టైమౌట్, అంటే డేటా కదలకపోతే ఎంతసేపు ఆగాలన్నది, డిఫాల్ట్‌గా 0, అంటే అడ్డూఅదుపూ లేదు. అవతలి రౌటర్ ఉన్నట్టుండి ఆగిపోతే ఇవతలి ప్రాసెస్‌కి ఆ కబురు వెంటనే అందదు. అది ఫెయిలయితేనే కదా మీ లూప్‌కి పని! మా దగ్గర ఆర్‌సింక్ టైమౌట్ 60 సెకన్లు, ఆర్‌సింక్ వెళ్లే దారి అయిన ఎస్‌ఎస్‌హెచ్‌లో కనెక్ట్‌టైమౌట్ 15, అవతలి సర్వర్ ఉందా అని పలకరించే సర్వర్‌అలైవ్‌ఇంటర్వల్ 20 పెట్టాం. జవాబు రాకపోతే మూడుసార్లు చూడటం ఎస్‌ఎస్‌హెచ్ డిఫాల్ట్ కాబట్టి నిమిషంలో తేలిపోతుంది. ఎస్‌ఎస్‌హెచ్ బ్యాచ్‌మోడ్ కూడా ఆన్ చేయండి, పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చోదు.

ఇక రీట్రై. ప్రతి ఫెయిల్యూర్‌కీ మళ్లీ ప్రయత్నించడం దండగ. ఆర్‌సింక్ ఆగేటప్పుడు ఇచ్చే నంబరు, అదే ఎగ్జిట్ కోడ్, 30 అయితే టైమౌట్, ప్రయత్నించండి. 23 వస్తే కొన్ని ఫైళ్లు వెళ్లలేదని, చాలాసార్లు పర్మిషన్ గొడవే, ఎన్నిసార్లు తిప్పినా అంతే. 24 అంటే పంపేలోపే సోర్స్‌లో ఫైల్ మాయమైందని, మేం వదిలేస్తాం. 12 దగ్గర జాగ్రత్త: లైన్ తెగినా అదే, అవతల డిస్క్ నిండినా ఒక్కోసారి అదే. 255 ఇంకా తిరకాసు, నెట్ లేకపోయినా, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ కీ చెల్లకపోయినా అదే వస్తుంది. ఒక క్లయింట్ దగ్గర కీ మార్చాక పాత స్క్రిప్ట్ గ్యాప్ లేకుండా తలుపు కొడుతూనే ఉంది. సర్వర్‌లో ఫెయిల్‌టుబ్యాన్ (పదేపదే లాగిన్ ఫెయిలయ్యే ఐపీని ఆపే ప్రోగ్రామ్) ఉండటంతో ఆఫీసు ఐపీ మొత్తం బ్లాకైంది, తిట్లు మాత్రం నెట్‌వర్క్ వాళ్లకి పడ్డాయి. అందుకే ఎర్రర్‌లో 'పర్మిషన్ డినైడ్' కనిపిస్తే అక్కడే ఆపి మెయిల్ పంపించండి.

గ్యాప్ 10, 20, 40, 80 సెకన్లు ఇలా రెట్టింపు చేస్తూ, పైన కొంచెం ర్యాండమ్ కలపండి. లేకపోతే నెట్ రాగానే అన్ని బ్రాంచీలూ ఒకేసారి సర్వర్ మీద ఎగబడతాయి. ఐదారుసార్లు చూసి వదిలేయాలి.

తెగిన ఫైల్‌ని పారేయకుండా ఉంచే ఆర్‌సింక్ ఆప్షన్లలో పార్షియల్ కన్నా, దాన్ని వేరే ఫోల్డర్‌లో పెట్టే పార్షియల్-డిర్ మేలు. పార్షియల్ ఒక్కటే ఇస్తే సగం ఫైల్ అసలు పేరుతోనే కూర్చుంటుంది, తర్వాతి జాబ్ దాన్నే పూర్తి ఫైలనుకుని తీసుకుంటుంది.

ఇంకోటి, లాగ్ కోసం అవుట్‌పుట్‌ని టీ (tee, ఫైల్‌లోకీ స్క్రీన్ మీదకీ రాసేది) కమాండ్‌కి పైప్ చేస్తుంటే బ్యాష్‌లో పైప్‌ఫెయిల్ ఆన్ చేయండి. లేకపోతే మీకొచ్చేది టీ ఇచ్చిన 0, ఆర్‌సింక్ కోడ్ కాదు.